ప్రొప్రైటరు శ్యామలాంబ గారి సెలవు రోజు

చేతి గడియారంలో సరిగ్గా ఏడు గంటలకి చంద్రరావు గారు హోటలు లాబీలోకి దిగారు. మెడలో కంపెనీ వాళ్ళిచ్చిన ఆకుపచ్చ ట్యాగు, నెత్తిన కంపెనీ టోపీ, భుజాన కందిపొడి డబ్బా పెట్టిన సంచీ. తీరా చూస్తే అక్కడ బస్సూ లేదు, బస్సెక్కాల్సిన నలభై మంది డీలర్లూ వాళ్ళ భార్యలూ లేరు. గోడ మీది గడియారం ఎనిమిదిన్నర చూపిస్తోంది. వియత్నాంలో పొద్దు మనకంటే గంటన్నర ముందు నడుస్తుంది. ఆయన గడియారం మాత్రం విమానం ఎక్కిన దగ్గర్నుంచీ రామచంద్రపురంలోనే ఉండిపోయింది. షాపు తలుపులు తీసే వేళకి గుమాస్తాకి ఫోన్ చెయ్యాలి గనక దాన్ని తిప్పేది లేదని ఆయన ముందే తీర్మానించుకున్నారు.

మొదటి రెండు రోజులూ ఆయన బస్సు అందుకున్నారంటే అది భార్య శ్యామలాంబ గారి చలవ. గంటన్నర కలుపుకుని, ఆయన్ని లేపి, టోపీ చేతికిచ్చి ఆవిడే బయల్దేరదీసేవారు. మూడో రోజు ఆవిడ లేపలేదు. అంతటితో ఊరుకోలేదు కూడా. ఆయన తన గడియారం ప్రకారం అయిదున్నరకి స్నానానికి వెళ్ళినప్పుడు గదిలో ఫోన్ మోగింది. మాట్లాడింది కంపెనీ ఏరియా మేనేజరు సురేష్‌బాబు.

"ఆయనకి కొంచెం నలతగా ఉందండి. ఇవాళ మేం రాలేం. మీరెళ్ళిపోండి," అని చెప్పి ఆవిడ ఫోన్ పెట్టేశారు.

యాభై ఏడేళ్ళ జీవితంలో శ్యామలాంబ గారు అబద్ధాలు ఆడలేదని కాదు. మామగారికి తెలియకుండా మరిది సినిమాకి వెళ్ళినప్పుడు ఆడారు. షాపు తనిఖీకి అధికారి వస్తే సారు ఊళ్ళో లేరండీ అని లోపల మంచం మీదున్న సారు కోసం ఆడారు. అన్నీ ఇంకొకరి పనికొచ్చినవే. తన కోసం ఆడినది ఇదే మొదటిది. చెప్పాక స్నానాల గది తలుపు వంక ఒకసారి చూశారు. కాసేపటికి హాయిగా ఉంది.

ఆవిడకి ఆ రోజు ఎందుకంత అవసరమైందో చెప్పాలంటే ముందు ఈ ప్రయాణం సంగతి చెప్పాలి.

రామచంద్రపురం మెయిన్ రోడ్డులో శ్రీ శ్యామలాంబ ట్రేడర్స్ అని ఎరువులూ పురుగుమందులూ అమ్మే షాపుంది. బోర్డు మీద పెద్దక్షరాల్లో ప్రొప్రైటరు ఆవిడే. ముప్ఫై ఏళ్ళ కిందట షాపు పెట్టినప్పుడు చంద్రరావు గారు సహకార సంఘంలో డైరెక్టరు. ఆ పదవిలో ఉండి ఎరువుల లైసెన్సు తీసుకుంటే నలుగురూ వేలెత్తి చూపిస్తారని భార్య పేరు మీద తీశారు. అప్పటినుంచీ ఆవిడ చేసిన ప్రొప్రైటరు పనల్లా ఆయన వేలు పెట్టి చూపించిన చోట సంతకం పెట్టడమే. పొయ్యి మీద పప్పు ఉడుకుతుంటే గరిటె ఎడమచేతిలోకి మార్చుకుని మరీ పెట్టేవారు. ఏం కాగితమని అడిగితే "నీకెందుకు, పప్పు చూసుకో" అనేవారు ఆయన. ఆవిడ పప్పు చూసుకునేవారు.

మూడేళ్ళ నుంచి ఒక కంపెనీ భీమసత్తువ గుళికలని ఒక సరుకు దింపుతోంది. అది ఎరువు కాదు, పురుగుమందూ కాదు. పైరుకి బలం అంటారు. దాన్ని అడిగి కొన్న రైతు ఇంతవరకూ పుట్టలేదు. అందుకే దాన్ని అమ్మడానికి మన వ్యాపారులు కనిపెట్టిన విద్య పేరు లింకు. వరి పిలకేసే రోజుల్లో యూరియాకి కరువొస్తుంది, లేదా తెప్పిస్తారు. అప్పుడు రైతు వచ్చి యూరియా కట్ట అడిగితే, దాంతోపాటు గుళికల ప్యాకెట్టు తీసుకుంటేనే కట్ట అంటారు. పైరు ఆగదు కాబట్టి రైతు తీసుకుంటాడు. అలా ఊళ్ళూళ్ళ రైతుల మెడకి కట్టిన ప్యాకెట్లన్నీ కలిపి టార్గెట్టు దాటించిన డీలరుకి భార్యాసమేతంగా విదేశీ విహారం. విమానంలో కిటికీ పక్క సీటు కూడా ఇచ్చారు. ఆ సీటు కింద ఎంతమంది రైతుల ప్యాకెట్లున్నాయో కంపెనీ బ్రోచరులో వెయ్యలేదు.

ఇంకో ఏడాదికి రెట్టింపు పెట్టెలు ఒప్పుకుంటే స్విట్జర్లాండు. ఆ ఒప్పుకోలు కాగితాలు ఈ మూడో రోజే పడవలో, ఫోటోలు తీస్తూ సంతకాలు పెట్టించుకుంటారని శ్యామలాంబ గారికి ముందు రోజు రాత్రి భోజనాల దగ్గర తెలిసింది. లైసెన్సు ఎవరిదైతే వాళ్ళే కెమెరా ముందు పెట్టాలట. ఆవిడకి అన్నం సయించలేదు. కారణం సుబ్బాయమ్మ.

సుబ్బాయమ్మ భర్త వీరబ్రహ్మం చంద్రరావు గారి పదెకరాలూ కౌలుకి చేస్తాడు. టూరుకి బయల్దేరే ముందు రోజు సుబ్బాయమ్మ పెరటి గుమ్మంలోకి వచ్చి, సంచీలోంచి తొమ్మిది ప్యాకెట్లు తీసి అరుగు మీద వరసగా పెట్టింది. ఒక్కటీ విప్పలేదు.

"వేస్తే ఏవవుద్దో తెలీదండి, వెయ్యకపోతే ఏవీ అవ్వట్లేదండి. ఇంట్లో పెడితే పిల్లలు ముడతారని బయం. మీ షాపువేనండి, మీ పేరే ఉందండి దానిమీద. ఏం చెయ్యమంటారో మీరే చెప్పండమ్మగారూ," అంది.

నిజంగానే ప్యాకెట్ల మీద షాపు రబ్బరు స్టాంపు ఉంది. శ్యామలాంబ, ప్రొప్రైటరు. ఊరెళ్ళి వచ్చాక చెబుతానన్నారు. అందుకని ఒక రోజు, చేతిలో ఎవరూ పెన్ను పెట్టని ఒక్క రోజు, ఆవిడకి కావాలి.

అలా దొరికిన ఆ రోజుని చంద్రరావు గారు పది నిమిషాల్లోనే పాడుచెయ్యడం మొదలుపెట్టారు. పనిలేకుండా కూర్చోవడం ఆయనకి చేతకాదు. లాబీలో సోఫాలన్నీ మార్చి మార్చి కూర్చున్నారు. మంటలు వస్తే ఏ మెట్ల మీంచి దిగాలో గోడ మీది బొమ్మ రెండుసార్లు పరిశీలించారు. గుమాస్తాకి ఫోన్ చేసి నిద్ర లేపారు. ఆఖరికి సురేష్‌బాబుకి చేశారు.

"ఒంట్లో ఎలా ఉంది సార్? రెస్టు తీసుకోండి. రిలాక్స్‌డ్‌గా ఉండండి," అన్నాడు అతను పడవలోంచి.

"మేనేజర్లు ఎంత మర్యాదగా ఉన్నారో చూడు. బస్సు తప్పితే ఒంట్లో ఎలా ఉందని అడుగుతున్నాడు," అన్నారు చంద్రరావు గారు, వెనకాలే దిగొచ్చిన భార్యతో.

"మంచివాడేనండి," అన్నారావిడ.

"కాగితం మన గదిలోకి పంపించేడంట. సాయంత్రం ఆరుకి హాల్లో పార్టీ, అప్పటికి నీ సంతకం ఉండాలట. ఇప్పుడే పెట్టేయకూడదూ, ఓ పనైపోతుంది."

"అలా నడిచొద్దామండి. వచ్చాక చూద్దాం."

ఆయన ఆశ్చర్యపోయి చూశారు. శ్యామలాంబ గారు వచ్చాక చూద్దాం అన్న మాట ఆయన పెళ్ళైన తరవాత వినలేదు.

హోటలు వెనక వీధి తిన్నగా రేవుకి తీసుకెళ్ళింది. మెకాంగ్ నది ఆ ఊరి దగ్గర పాయలుగా చీలి, మట్టి రంగులో, తొందర లేకుండా పోతోంది. మోటారు సైకిళ్ళనీ కోళ్ళ గంపలనీ మనుషులనీ ఎక్కించుకుని ఒక పంటు అవతలి ఒడ్డుకి పోతోంది. ఎటు పోతోందో అడక్కుండా శ్యామలాంబ గారు ఎక్కేశారు. వెనకాల చంద్రరావు గారు ఎక్కక తప్పలేదు.

"ఇదేంటే, అచ్చు కోటిపల్లి రేవులా ఉంది. దీనికా మనం విమానం ఎక్కి వచ్చింది?"

"కోటిపల్లి రేవులో మీరెప్పుడు పంటెక్కేరండీ? కారు చుట్టూ తిప్పి యానాం మీంచి తీసుకెళ్తారుగా."

ఆయన నీళ్ళు చూస్తూ నిలబడ్డారు.

అవతలి ఒడ్డున కాలవ గట్టు, గట్టు మీద కొబ్బరి చెట్లు, దాటితే వరి. చూపు ఆనినంత దూరం వరి. కోరుకొండ మెట్ట నుంచి పెళ్ళై వచ్చిన రోజున శ్యామలాంబ గారు ఇంత నీటిపచ్చని చూసి బండిలో లేచి నిలబడ్డారు, అత్తగారు కూచోమని గదమాయించింది. ఇక్కడ గదమాయించేవాళ్ళు లేరు. చెప్పులు చేత్తో పట్టుకుని గట్టు మీద నడిచారు. కింద మళ్ళలో బాతులు గుంపుగా వరి దుబ్బుల మధ్య ముక్కులు పెట్టి వెతుక్కుంటున్నాయి.

చంద్రరావు గారి నడక మాత్రం తనిఖీ అధికారి నడక. పిలకలు పల్చగా ఉన్నాయన్నారు. నీళ్ళు ఎక్కువ పెట్టారన్నారు. బాతుల్ని పైర్లోకి వదిలిన రైతుకి బుద్ధి లేదన్నారు. గట్టు వారన జానెడేసి ఎత్తున్న మొక్కలు చూసి ఆగిపోయారు.

"చూసేవా, ఎంత కలుపు వదిలేసేరో. మనూళ్ళో అయితే పక్క చేనువాడు తగువుకొస్తాడు."

"అవి ఒకే వరసలో ఉన్నాయండి. కలుపు వరసలో మొలవదు."

"వీళ్ళ దేశంలో మొలుస్తుందేమో. ఇదిగో, ఫోన్ తీసి నన్నో ఫోటో తియ్యి."

ఆయనకి ఆలోచన తట్టింది. డీలర్ల వాట్సాప్ గ్రూపులో రోజుకొకరు పడవలో, ఏనుగు బొమ్మ పక్కన, కొలనులో ఫోటోలు పెడుతున్నారు. తను వియత్నాం పొలంలో వంగి కలుపు తీస్తున్న ఫోటో పెడితే? సొంత పదెకరాల్లో ఆయన వంగి ఇరవై రెండేళ్ళైంది. వంగేది వీరబ్రహ్మం, తీసేది సుబ్బాయమ్మ. అయినా ప్యాంటు మడిచి, టోపీ సర్దుకుని, గట్టు పొడుగునా ఒక్కో మొక్కే పీకుతూ, ప్రతిదానికీ కెమెరా వైపు చూసి నవ్వారు. పాతిక మొక్కలు పోయాయి. ఫోటో బాగా వచ్చింది. "విదేశంలోనూ రైతు సేవలోనే" అని కింద రాసి గ్రూపులో పెట్టారు. నిమిషంలో పదకొండు దండం బొమ్మలొచ్చాయి.

పన్నెండోది రాకముందే ఒక ఆడమనిషి వచ్చింది. అరవై దాటి ఉంటాయి, మోకాళ్ళ దాకా బురద, నెత్తిన తాటాకు టోపీ. కేకలు వెయ్యలేదు. గట్టు మీద వాడిపోతున్న మొక్కల్ని ఒక్కొక్కటే ఏరి దోసిట్లో పెట్టుకుంది. జేబులోంచి ఫోన్ తీసి దాంతో ఏదో చెప్పి, వీళ్ళు చెప్పిన దేశమూ భాషా దాన్లో వెతికి పట్టుకుని, వీళ్ళ మొహాల ముందు పెట్టింది. ఫోన్ తెలుగులో, వార్తలు చదివే గొంతుతో అంది: "మీరు నా పుష్పాలను ఎందుకు హత్య చేశారు?"

"పుష్పాలేంటి, కలుపు," అన్నారు చంద్రరావు గారు ఫోన్‌లోకి వంగి. "నేను మీకు సాయం చేసేను."

ఫోన్ ఆ మాట ఆవిడకి చెప్పింది. ఆవిడ చెయ్యి చాచి గట్టు అవతలి కొస చూపించింది. అక్కడ ఇవే మొక్కలు నడుమెత్తు పెరిగి పసుపుపచ్చగా పూసి ఉన్నాయి. మీద రెక్కల పురుగులు మూగి ఉన్నాయి. ఫోన్ మళ్ళీ అంది: "నా సైన్యం ఆ పుష్పాలలో నివసిస్తుంది. మీరు నా సైన్యం యొక్క ఇంటిని కూల్చారు."

"ఏం సైన్యమే?" అన్నారు చంద్రరావు గారు కాస్త భయపడి.

శ్యామలాంబ గారికి అర్థమైంది. ఆరేళ్ళ కిందట డీలర్లందరూ ఏడాది పాటు క్లాసులకి వెళ్ళి సర్టిఫికెట్టు తెచ్చుకోవాలని రూలు వచ్చింది. లైసెన్సు ఎవరిదైతే వాళ్ళే వెళ్ళాలి. అలా ఆవిడ ఆదివారం ఆదివారం రాజమండ్రిలో, పొట్టలు పెంచిన మగ డీలర్ల మధ్య, మొదటి బల్ల మీద కూర్చున్నారు. వెనక బల్లల వాళ్ళు నిద్రపోతుంటే ఆవిడ నోటుపుస్తకం నింపారు. పురుగుల్లో మన పురుగులూ ఉంటాయనీ వాటిని బతకనియ్యాలనీ అక్కడే విన్నారు. సర్టిఫికెట్టు షాపులో దేవుడి పటం పక్కన వేలాడుతోంది. నోటుపుస్తకాన్ని గుమాస్తా చిల్లరమల్లర రాసుకోవడానికి వాడేశాడు.

"ఆ పూల తేనె తాగడానికి సన్నటి కందిరీగల్లాంటివి వస్తాయండి. అవి వెళ్ళి వరి రసం పీల్చే సుడిదోమ గుడ్లలో తమ గుడ్లు పెడతాయి. దోమ పుట్టకుండానే పోతుంది. మందు కొట్టే పనుండదు."

"నీకెవరు చెప్పేరు?"

"రాజమండ్రిలో చెప్పేరు. మీరే కదండీ కారులో దింపేవారు."

"అవి సర్టిఫికెట్టు కోసం చెప్పే కబుర్లు."

"మరి ఈవిడ ఏ సర్టిఫికెట్టు కోసం వేసిందంటారు?"

ఈలోగా ఆ రైతు, ఆమె పేరు లాన్ అని ఫోన్ చెప్పింది, ఇంటికెళ్ళి ఒక తవ్వుగోలా నీళ్ళ డబ్బా తెచ్చింది. తవ్వుగోల చంద్రరావు గారి చేతిలో పెట్టి, గట్టు వైపు చూపించి, చేతులు కట్టుకుని నిలబడింది. దీనికి అనువాదం అక్కర్లేకపోయింది. రామచంద్రపురం డివిజన్లో నంబరు వన్ డీలరు, కంపెనీ టోపీతో, మోకాళ్ళ మీద కూర్చుని పాతిక గుంటలు తవ్వి పాతిక మొక్కలు నాటారు. వంకరగా నాటినవి లాన్ పీకి మళ్ళీ నాటించింది. శ్యామలాంబ గారు వెనకాల నీళ్ళు పోస్తూ వచ్చారు. ఈసారి ఫోటో తియ్యమని ఆయన అడగలేదు.

పని అయ్యాక లాన్ మొహం విచ్చుకుంది. వాళ్ళిద్దర్నీ ఇంటికి రమ్మని, బావి దగ్గర కాళ్ళు కడిగించి, వసారాలో చాప వేసి అన్నం పెట్టింది. మట్టి పిడతలో ఇగిర్చిన చేపలు, ఏవో ఆకులు. పొద్దున్నుంచీ ఏమీ తినని చంద్రరావు గారు చేప వంక అనుమానంగా చూసి, ఏ జంతువో ఏంటో అని గొణిగి, కందిపొడి డబ్బా తీశారు. శ్యామలాంబ గారు చేప ముల్లు తీసుకుని తింటూ, ఇందులో ఇంకాస్త పులుపు పడాల్సింది అనుకున్నారు. లాన్ కందిపొడి నాలుక మీద వేసుకుని చూసి డబ్బా తన వైపు జరుపుకుంది.

"మీరు ఎంత భూమిని సాగు చేస్తారు?" అని అడిగింది ఫోన్.

"పదెకరాలు," అన్నారు చంద్రరావు గారు ఛాతీ విరుచుకుని.

"సాగు చేసేది వేరే ఆయనమ్మా. భూమి ఈయన పేరున ఉంది. షాపు నడిపేది ఈయన, అది నా పేరున ఉంది," అన్నారు శ్యామలాంబ గారు.

ఫోన్ దాన్ని అనువదించడానికి చాలాసేపు తీసుకుంది. లాన్ విని, రెండోసారి వినిపించుకుని, ఇది ఫోన్ తప్పో మనుషుల తప్పో తేల్చుకోలేనట్టు ఇద్దరి వంకా చూసింది. మర్యాదస్తురాలు కాబట్టి ఇంకేం అడగలేదు. శ్యామలాంబ గారి కంచంలో మరో గరిటెడు అన్నం వేస్తూ చెప్పింది. ఫోన్ పలికింది: "ఈ అన్నం మీరు పుష్పాలు నాటిన పొలంలోనిది. నేను అమ్మే ధాన్యం, నేను తినే ధాన్యం ఒకటే."

అతిథికి చెప్పే మామూలు మాట. శ్యామలాంబ గారు కలిపిన ముద్ద కంచంలోనే ఉంచారు.

రామచంద్రపురంలో వాళ్ళ పదెకరాల్లో కాలవ పక్కన నలభై సెంట్ల మడి వేరే ఉంది. దాన్ని ఇంటి మడి అంటారు. ఇంటి తిండిగింజలు దాన్లో పండిస్తారు. పశువుల ఎరువు తప్ప దాన్లో ఏమీ పడదు. ఇది వాళ్ళొక్కళ్ళ ఆచారం కాదు. మందులమ్మే ప్రతి పెద్దమనిషికీ, మందు కొట్టించే ప్రతి మోతుబరికీ ఆ చుట్టుపట్ల అలాంటి మడి ఒకటి ఉంటుంది. దాని సంగతి ఎవరూ దాచరు, ఎవరూ సిగ్గుపడరు. పైగా చుట్టాలొస్తే ఇది ఇంటి బియ్యమండీ అని కొసరి వడ్డిస్తారు. మిగతా తొమ్మిదెకరాల అరవై సెంట్ల ధాన్యం ఎవరు తింటారో వాళ్ళు తమ చుట్టాలు కారు.

ఏటా ఊడ్పులప్పుడు వీరబ్రహ్మాన్ని పిలిచి, "మా ఇంటి మడిలో ఒక్క గుళిక పడిందంటే ఊరుకోను" అని చెప్పేది చంద్రరావు గారు కాదు. తనే. అదే వీరబ్రహ్మానికి తన పేరు స్టాంపున్న తొమ్మిది ప్యాకెట్లు తన షాపులో అంటగట్టారు.

ఆవిడ అన్నం పూర్తిగా తిని, లాన్‌కి దణ్ణం పెట్టారు.

తిరుగు పంటులో రద్దీ లేదు. చంద్రరావు గారు ప్యాంటుకంటిన బురద గోకుతూ కాగితం ఊసెత్తారు. దాన్ని ఆయన పొద్దున్నే సంచీలో పెట్టుకొచ్చారు.

"ఇక్కడే పెట్టేయి. ఆనక హాల్లో కెమెరా ముందు ఉత్తినే పెన్ను ఆడిస్తే సరిపోద్ది."

"ఏవండీ, ఆ గుళికలు దేనికండీ?"

"అదేం ప్రశ్న? పైరుకి బలం."

"మన ఇంటి మడికి ఎప్పుడూ వెయ్యలేదేం?"

"ఇంటి గింజలకి అక్కర్లేదు."

"మనకి అక్కర్లేనిది వీరబ్రహ్మానికెందుకు?"

చంద్రరావు గారు బురద గోకడం ఆపారు. "నీకు ఆ కోర్సు చేయించడమే నా తప్పు. అందరూ చేస్తున్నదే మనమూ చేస్తున్నాం. మనం మానేస్తే ఎదురు షాపువాడు చేస్తాడు. రైతుకి ఒరిగేదేంటి? స్విట్జర్లాండుకి వాడెళ్తాడు, అంతేగా."

"వెళ్ళనీండి. చలంట అక్కడ."

"శ్యామలా, నువ్వు నన్ను నలుగుర్లో తలెత్తుకోకుండా చేస్తావా ఏంటి?"

"పొద్దున్న సురేష్‌బాబుకి మీకు నలతగా ఉందని చెప్పింది నేనేనండి. బస్సు వెళ్ళిపోతుందని తెలిసే మిమ్మల్ని లేపలేదు. ఆ కాగితం గురించి ఆలోచించుకుందామని. చెప్పకుండా చేసేను, అది నా తప్పు. ఆలోచించేను మాత్రం."

పక్కన కోళ్ళ గంప పట్టుకున్న మనిషి వీళ్ళ మాటలు అర్థం కాకపోయినా ఇది మొగుడూ పెళ్ళాల వ్యవహారమని గ్రహించి, గంప తీసుకుని అవతలికి జరిగాడు.

సాయంత్రం ఆరింటికి హాలంతా ఆకుపచ్చ బెలూన్లు. వేదిక మీద కంపెనీ వాళ్ళు ఒక్కో షాపు పేరూ పిలవడం, దంపతులు వెళ్ళి పడవలో పెట్టిన సంతకాన్నే కెమెరా కోసం ఇంకోసారి పెట్టడం, చప్పట్లు. అలా పెట్టినవాళ్ళకి వేదిక ముందు తెల్లగుడ్డ పరిచిన బల్లలు. సురేష్‌బాబు మరో కాగితం పట్టుకుని వీళ్ళ దగ్గరికి వచ్చాడు.

"నెక్స్ట్ మీరే మేడం. ఒంట్లో బావుందిగా సార్? ఇక్కడ పెట్టెల నంబరు రాయాలి మేడం, కింద సంతకం."

శ్యామలాంబ గారు కళ్ళజోడు పెట్టుకుని కాగితం మొత్తం చదివారు. ప్రొప్రైటరుగా ఆవిడ పూర్తిగా చదివిన మొదటి కాగితం అది. అయిదు నిమిషాలు పట్టింది. తర్వాత నంబరు రాయాల్సిన గడిలో, ఆదివారాల నోటుపుస్తకంలో రాసినంత గుండ్రంగా, "అడిగిన రైతులకు మాత్రమే, లింకు లేకుండా" అని రాసి, కింద సంతకం పెట్టి, తేదీ కూడా వేసి ఇచ్చారు.

సురేష్‌బాబు చదివి నవ్వాడు. హాస్యం అనుకున్నాడు. ఆవిడ నవ్వకపోయేసరికి మానేశాడు.

"మేడం, ఆ కాలమ్‌లో అంకె తప్ప మాటలు రాయకూడదండి. సిస్టం తీసుకోదు."

"అయితే మీ సిస్టానికి చెప్పండి బాబూ, అడిగిన రైతులు ఎంతమందో ముందు లెక్క తెమ్మని. అంకె అప్పుడు రాస్తాను."

అతను ఇంకో ఖాళీ కాగితం తీసి చంద్రరావు గారి చేతికిచ్చాడు. గొంతు తగ్గించాడు. "సార్, మీరే పెట్టేయండి. బ్యాంకు కాగితాలకి మీరు పెడుతూనే ఉంటారు కదా. కెమెరాని నేను చూసుకుంటాను."

చంద్రరావు గారు పెన్ను మూత తీశారు. శ్యామలాంబ అన్న పేరు ఆయన చెయ్యి ఆవిడ చెయ్యికంటే వేగంగా రాయగలదు. ఆవిడ అడ్డం రాలేదు. కంఠం పెంచలేదు.

"పెట్టండి. సోమవారం నుంచి నేను షాపులో కూర్చుంటాను. లైసెన్సు నాది గనక కుర్చీ కూడా నాదే. ఎవరు యూరియాకి వచ్చినా, ఈ గుళికలు మా ఇంటి మడిలో మేం వెయ్యమండీ, మీ ఇష్టం అని చెప్తాను. అంతకు మించి ఒక్క మాట చెప్పను."

ఆయన ఆవిడ మొహం చూశారు. ఇన్నేళ్ళ కాపరంలో ఆవిడ చేస్తానన్న పని చెయ్యకపోవడం ఒక్కసారీ లేదు. ఇంటి మడి మాట షాపు కౌంటరు మీద పడితే రామచంద్రపురం ఎంత త్వరగా మొయ్యగలదో కూడా ఆయనకి తెలుసు. ఆయన మనసు మారలేదు. పుష్పాల సైన్యం మీద ఆయనకి ఏ నమ్మకమూ కలగలేదు. భయం మాత్రం కలిగింది. పెన్ను మూత పెట్టేశారు.

వేదిక మీద వాళ్ళు తరవాతి షాపు పేరు పిలిచారు. సురేష్‌బాబు మర్యాదంతా కూడగట్టుకుని, వీళ్ళకి ముందు బల్ల మీద పెట్టిన పేరు చీటీ తీసి, హాలు చివర వంటగది తలుపు పక్కనున్న బల్ల చూపించాడు. అక్కడ గుడ్డ లేదు. టార్గెట్టు దాటలేక, పాత సంబంధం కొద్దీ పిలిపించుకున్న పాలకొల్లు డీలరు ఒకాయన అప్పటికే కూర్చుని ఉన్నాడు. వీళ్ళని చూసి ఆయన కుర్చీ జరిపాడు.

"రండి రండి. ఇక్కడే బావుంటుందండి. లోపల్నుంచి వచ్చింది వచ్చినట్టు వేడివేడిగా ముందు మనకే పెడతాడు. ఆ ముందు బల్లల దాకా వెళ్ళేసరికి చల్లారిపోద్ది."

చంద్రరావు గారు ఎటో చూస్తూ కూర్చున్నారు. భార్య వైపు తిరక్కుండానే అడిగారు.

"ఊరెళ్ళేక సుబ్బాయమ్మకి ఏం చెప్తావు?"

"ప్యాకెట్లు వెనక్కి తీసుకుంటాం అని చెప్తాను."

"మిగతావాళ్ళు కూడా పట్టుకొచ్చేస్తారు."

"వస్తారండి."

"గొడౌను చాలదు."

"ఇంటి మడి పక్కన పాక ఖాళీగానే ఉంది."

ఆయన ఏదో అనబోయారు. ఈలోగా వంటగది తలుపు తెరుచుకుని అన్నం పళ్ళెం పొగలు కక్కుతూ వచ్చింది. శ్యామలాంబ గారు ఆయనకి వడ్డించారు. తరవాత, ఆయన మొదలుపెట్టేదాకా ఆగకుండా, తను వడ్డించుకుని తినడం మొదలుపెట్టారు.